పరీక్షాపత్రము – భాషాధికారము: మేళ్లచెఱువు పొలిమేరనుండి యొక విచారణ

మేళ్లచెఱువు గ్రామము నేఁడు సూర్యాపేట జిల్లాలోనిది. 2016 వఱకు నల్లగొండ జిల్లాలో నుండెను. 1948 వఱకు నైజాము రాజ్యమున కాగ్నేయపు టంచున నుండెను. అచ్చటి స్వయంభూ శంభులింగేశ్వరస్వామివారి శివరాత్రి తిరునాళ్లకు వచ్చు జనములో కృష్ణానది కావలిదరివారును, జగ్గయ్యపేట ప్రాంతమువారును గలిసియే యుందురు. చుట్టఱికములకుఁ బొలిమేర లేదు. పిల్ల నిచ్చుటయుఁ దెచ్చుటయు నిటు నటు నడచుచునే యుండెను. పలుకుబడియుఁ గొంచె మెచ్చుతగ్గుగా నొక్కటియే. కాని 20వ శతాబ్ది పూర్వార్ధమున నీ యూరి బాలునకును, కొలఁది క్రోసుల దూరమున నింగ్లీషువారి యేలుబడిలో నున్న వాని మేనమామ కొడుకునకును జదువు పరీక్ష మాత్ర మొక్కటి గాదు. వాఁడు చెన్నపురివారి స్కూలు ఫైనలునకుఁ గూర్చుండి తెలుఁగున వ్యాసము వ్రాయవలసినవాఁడు. వీఁడు గణితమును, చరిత్రమును, భూగోళమును ఉర్దూలో వ్రాసి ఉస్మానియా మెట్రిక్యులేషను గెలువవలసినవాఁడు. ఒకే తాత మనుమలు, ఒకే మాతృభాష, రెండు పరీక్షలు, రెండు బ్రదుకులు. ఈ భేదమెట్లు పొసఁగెను, అందెవరి యధికారము పని చేసెను, తెలుఁగుభాష కందువలనఁ గలిగిన లాభనష్టము లేవి యని విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

పరీక్ష మనకుఁ గ్రొత్తది కాదు. రాజశేఖరుఁడు కావ్యమీమాంసయందు విశాలానగరమునఁ గవులకును, పాటలీపుత్రమున శాస్త్రకారులకును బరీక్షలు జరుగుచుండెననియు, ఉపవర్షుఁడు, వర్షుఁడు, పాణిని, పింగళుఁడు, వ్యాడి, వరరుచి, పతంజలి పాటలీపుత్రమునఁ బరీక్షితులై ఖ్యాతిఁ గాంచిరనియుఁ జెప్పినాఁడు. వీరందఱు నేకకాలికులు గారన్నది వేఱుమాట. చీనా యాత్రికుఁడు హ్యూయన్‌త్సాంగు నాలందా ద్వారమునందే ప్రశ్న లడిగెడి పండితు లుండిరనియు, వచ్చినవారిలో పదింట నేడెనిమిది మంది వెనుదిరిగిపోవుచుండిరనియు వ్రాసినాఁడు. మన యాంధ్రదేశ పండితసభలలో శలాకాపరీక్ష యుండెను. తాటియాకుల కట్టలోనికి శలాక గ్రుచ్చి, అది యే యాకున నాఁగెనో యచ్చటి పంక్తిని బ్రతివాది యెదుట వ్యాఖ్యానింపవలయును.

ఈ పరీక్షలయందు నేను గమనించిన దొక్కటి కలదు. పరీక్షకుఁడు కనుల యెదుటనుండెను. అతఁ డడిగిన ప్రశ్నపై మఱల ప్రశ్న వేయుట కభ్యర్థి కధికార ముండెను, సభ్యులు వినుచుండిరి. పరీక్షకుఁడు తప్పినచో నతని తప్పును సభలోనే బయటఁబడెడిది. అందఱకు నొకేనాఁడు, ఒకే గడియకు, ఒకే పత్రమిచ్చి, వ్రాసినవాని ముఖమైనను జూడక యెచ్చటనో కూర్చున్న యొకఁడు సంఖ్య వేయుట మన సంప్రదాయమున లేదు. అది చీనాదేశమున వేయేండ్లకుఁ బైగా నడచి 1905 వ సంవత్సరమున రద్దయ్యెను. అది యచ్చట ముగియుటకు ముందే యింగ్లండున నుద్యోగుల నెన్నుకొనుట కట్టి పద్ధతి రావలెనని 1854 లో నొక నివేదిక పుట్టెను. మఱుసటి సంవత్సరమే హిందూదేశపు సివిలు సర్వీసునకుఁ బోటీపరీక్ష మొదలయ్యెను. 1857 వ సంవత్సరమునఁ గలకత్తా, బొంబాయి, చెన్నపురి విశ్వవిద్యాలయములు వెలసెను. ఇవి మొదట బోధించు సంస్థలు గావు, పరీక్షించు సంస్థలు. చెన్నపురి మెట్రిక్యులేషను కళాశాలకు ద్వారమయ్యెను. సర్కారు కొలువునకుఁ గూడ నదియే ద్వారమయ్యెను. అప్పటినుండియే చదువనఁగాఁ బరీక్ష యనియుఁ, బరీక్ష యనఁగా జీతమనియు మన ప్రజకు నర్థమైనది.

పల్లె బడులకీ పద్ధతి యింకొక త్రోవను వచ్చెను. 1862 లో నింగ్లండున రాబర్టు లో యను మంత్రి తెచ్చిన నిబంధనల ప్రకారము బడికి సర్కారిచ్చు ధనము, తనిఖీదారు వచ్చినప్పు డెందఱు పిల్లలు చదువుటయందును, వ్రాయుటయందును, లెక్కలయందును గెలిచిరో దానినిబట్టి యుండెను. చెన్నపురి రాజధానియం దీ ఫలితానుసారపు గ్రాంటు విరివిగా వ్యాపించెను. వీథిబడి పంతులు తొల్లి యూరివారు పెట్టు గింజలపైనను, పండుగ కట్నములపైనను బ్రదికెడివాఁడు. ఇప్పుడు పిల్లవానికి వచ్చెడి తప్పొప్పుల లెక్కపై బ్రదుకవలసి వచ్చెను. గెలువఁడని తోఁచిన పిల్లవానిని దనిఖీనాఁడు బడికిఁ దేకుండుటయు, వాచకమును గంఠపాఠముగాఁ జెప్పించుటయు నట్టి స్థితిలో నతనికి సహజములు. 1882 నాఁటి హంటరు సంఘము విద్యాస్థితినంతయు విచారించెను. 1904 లోఁ గర్జను ప్రభుత్వము పరీక్షలు విద్యను మ్రింగుచున్నవని నిర్ణయపత్రమందే యొప్పుకొనెను. ఒప్పుకొనిన పిమ్మట నేమి చేసిరన్నచో, వేఱొక పరీక్షను నిర్మించిరి.

అదియే స్కూలు ఫైనలు. 1911 నాఁటికి చెన్నపురి రాజధానిలో నది యమలులోనికి వచ్చెను. దాని యుద్దేశము మంచిదే. మెట్రిక్యులేషను బాలు నొక్కనాఁటి వ్రాఁతతోఁ దూఁచుచుండెను. స్కూలు ఫైనలు పుస్తకమున బాలుని తరగతి మార్కులును, నడవడియుఁ గూడ నెక్కించి, సర్కారు పరీక్ష మార్కులను వాని ప్రక్కను జేర్చెదమనిరి. అనఁగా నుపాధ్యాయుని మాటకుఁ గొంత విలువ యుండవలెనని తలంచిరి. (2024 నవంబరున తెలంగాణ ప్రభుత్వము పదవ తరగతిలో నుపాధ్యాయు లిచ్చు నంతర్గత మార్కుల నెత్తివేయ నిశ్చయించినట్లు ప్రకటించి, వెంటనే యా సంవత్సరమునకు వాయిదా వేసినది. నూఱేండ్లకుఁ బైగా నుపాధ్యాయుని నమ్మవచ్చునా, నమ్మరాదా యను వివాదము తెగలేదు.)

ఈ క్రొత్త యేర్పాటులోఁ దెలుఁగు పాఠ్యగ్రంథముల కన్న వ్యాసరచనకును, తర్జుమాకును బ్రాధాన్యము హెచ్చెను. ఇంటరుమీడియేటునందు నదే తెఱఁగు. నియమిత గ్రంథమున్నచో బాలుఁ డా గ్రంథములోని భాషనే యప్పగించును. ఏ తెలుఁగున వ్రాయవలెనను ప్రశ్నయే పుట్టదు. స్వంతముగా వ్రాయుమనఁగానే యా ప్రశ్న పుట్టెను. ఆంధ్రదేశమును బదిపండ్రెండు సంవత్సరములు రెండు చీలికలు చేసిన గ్రాంథిక వ్యావహారిక వాదమునకుఁ బుట్టిల్లు కవుల సభ కాదు, భాషాశాస్త్రజ్ఞుల గోష్ఠియుఁ గాదు. ప్రశ్నపత్రమునందలి యొక యంశము. చదువరు లీ సంగతిని దఱచు మఱతురు.

వృత్తాంతము సంగ్రహముగా నిది. 1907 ప్రాంతమున నుత్తరమండలములకు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె. ఏ. యేట్సు దొరకు బడులలోని తెలుఁగునకును, బజారులోని తెలుఁగునకును గల యంతరము విస్మయము గలిగించెను. పర్లాకిమిడిలో నుపాధ్యాయుఁడుగా నుండి సవరభాషను నేర్చిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారును, విజయనగరమున గురజాడ వేంకట అప్పారావుగారును, విశాఖపట్టణ కళాశాలాధ్యక్షులు పి. టి. శ్రీనివాస అయ్యంగారును నతనితో నేకీభవించిరి. 1912–13 లో స్కూలు ఫైనలు బోర్డు కార్యదర్శి, బాలురు వ్యాసము కావ్యభాషలోఁగాని, శిష్టుల వ్యవహారభాషలోఁగాని వ్రాయవచ్చు నని యుత్తరువిచ్చి, రెండు శైలులకును లక్ష్యములుగా గ్రంథముల పట్టికలు చేర్చెను. 1911 లో చెన్నపురియందు వెలసిన యాంధ్రసాహిత్య పరిషత్తు జయంతి రామయ్యపంతులుగారి పూనికతో దీనిని బ్రతిఘటించెను. వేదము వేంకటరాయశాస్త్రులవారు వేఱొక సమాజమును నడపిరి. జిల్లాజిల్లాలందు సభలు చేసి తీర్మానములు సర్కారునకుఁ బంపిరి. 1913 లో గిడుగువారి యాంగ్ల విజ్ఞప్తియు, రామయ్యపంతులుగారి ప్రతివాదగ్రంథమును వెలువడెను. విశ్వవిద్యాలయము నియమించిన యుపసంఘములో నధికసంఖ్యాకులు గ్రాంథికపక్షమువారు. అప్పారావుగారు 1914 లోఁ దమ యసమ్మతిపత్రమును వ్రాసిరి. కొలఁదికాలములోనే బోర్డువారి యనుమతి రద్దయ్యెను. 1915 నవంబరు 30 వ తేదీ నప్పారావుగారు స్వర్గస్థులైరి. గ్రాంథికము పరీక్షయందు గెలిచెను.

ఇరుపక్షముల వాదములు పూర్వమే యనేకులు సమీక్షించినవి. నేను పరీక్షాదృష్టితో మాత్రము చూచెదను.

గిడుగువారి ముఖ్యవాదము బాలుని శ్రమకు సంబంధించినది. తనకుఁ దెలిసిన సంగతిని దనకుఁ దెలిసిన మాటలతో వ్రాయలేక, అరసున్నకును శకటరేఫమునకును, ద్రుతమునకును గళలకును వెఱచి బాలుఁడు భావమునే విడిచిపెట్టుచున్నాఁడని వారనిరి. ఇంకను ముందునకుఁ బోయి, గ్రాంథికము నిర్దుష్టముగా వ్రాయుదు మనెడి పండితుల గ్రంథములనే తీసికొని, బాలవ్యాకరణ సూత్రములను బట్టియే వానిలోని దోషముల నెత్తి చూపిరి. ఆంధ్రపండితభిషక్కుల భాషాభేషజమను పేరుతో వచ్చిన గ్రంథము మావంటివారికిఁ జదువఁ గష్టముగా నుండును. కాని లెక్క తప్పని గ్రంథము. పరీక్షకులే పరీక్షలో నిలువలేదన్నమాట. దీనికి గ్రాంథికపక్షమున సరియైన యుత్తరము నేను జూడలేదు.

రామయ్యపంతులుగారి పక్షమున బలమైన వాదము వేఱొకటి గలదు. దానిని భావపరులు చులకనగాఁ జూతురు గాని నేను జూడను. గంజామునుండి బళ్లారివఱకు నొక్క ప్రశ్నపత్రము. వ్యవహారభాష జిల్లాకొక తీరు, కులమున కొక తీరు. ఒక బాలుఁడు వ్రాసినది తన యూరి శిష్టులమాట యని పరీక్షకుఁడెట్లెఱుఁగును? పరీక్షకుఁడు గోదావరివాఁడైనచో గోదావరి మాటయే యొప్పగును, తక్కినవారివి తప్పులగును. గ్రాంథిక మెవరి యింటి భాషయుఁ గాదు గనుక నందఱకు సమానముగాఁ గష్టమైనదని యీ వాదమునకు సారము. సమానముగాఁ గష్టమనుట పూర్తిగా నిజము గాదు. వంశమున వ్యాకరణమున్న యింటి పిల్లవానికి నాలుకపైనున్నది, కాఁపుల యింటి పిల్లవానికిఁ గొఱకరాని కొయ్య యగుచుండెను. నేను వ్యాకరణమున్న యింటనే పుట్టితిని గనుక నాకది తెలియును. అయినను పరీక్షకుని యూరిభాష ప్రమాణమగు నను భయము మాత్రము వట్టిది కాలేదు. అది యెట్లు నిజమయ్యెనో ముందు చెప్పెదను.

ఇచ్చట మహాభాష్యములోని యొక కథను స్మరింపవలసియున్నది. వైయాకరణుఁ డొకఁడు రథమును జూచి దీనికిఁ బ్రవేత యెవఁ డని యడిగెను. సూతుఁడు, నేను బ్రాజితను అనెను. వైయాకరణుఁడు ప్రాజిత యపశబ్ద మనెను. అందుకు సూతుఁడు, ఈ దేవానాంప్రియునకు సూత్రము ప్రాప్తించుట తెలియును గాని శిష్టుల కిష్టమైన రూపము తెలియదని బదులు పలికెను. వైయాకరణుఁడు కోపించి యీతఁడు దురుతుఁడనఁగా, నా తిట్టుమాటయుఁ దప్పే యని సూతుఁడు దిద్దెను. అజధాతువునకు వీ యాదేశము చెప్పు సూత్రముపై భాష్యకారుఁ డీ కథను జెప్పి సూతుని పక్షమునే నిలిచినాఁడు. పృషోదరాది సూత్రమునందును శిష్టులెవరను విచారణ వచ్చినప్పుడు, కుండెఁడు గింజలకన్నఁ గూడఁబెట్టనివారును, లోభము లేనివారును, అధ్యయనములేకయే సాధుప్రయోగము నెఱిఁగినవారును శిష్టులని చెప్పినాఁడు. అట్టివారి ప్రయోగమును గుర్తించుటకే యష్టాధ్యాయి యనియుఁ జెప్పినాఁడు. భాష్యకారుని దృష్టిలో వ్యాకరణము ప్రయోగమునకుఁ బరీక్షకురాలు గాదు, సాక్షి. మన స్కూలు ఫైనలులో సూతుఁడు కూర్చున్నచో నతని కెన్ని మార్కులు వచ్చియుండునో చదువరులే యూహింపఁగలరు. గ్రాంథికపక్షమువారు మాకుఁ బాణిని ప్రమాణమనిరి గాని, యీ కథను దలఁచినట్లు కానరాదు. వ్యావహారికపక్షమువారును శిష్టులన్న మాటను గ్రహించిరి గాని, కుండెఁడు గింజల నియమమును విడిచిరి. వారి శిష్టు లింగ్లీషు చదివిన యుద్యోగస్థులును, అగ్రవర్ణముల గృహస్థులును.

1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరమున వర్తమానాంధ్ర భాషాప్రవర్తక సమాజము పుట్టెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ తుది దినములలో దాని కధ్యక్షులైరి. 1924 లోఁ గాకినాడయందు సాహిత్యపరిషత్తువారే వ్యావహారిక నిషేధమును ద్రోసివేసిరి. అయినను బడి వాచకమునందును, పరీక్షాపత్రమునందును గ్రాంథికము శతాబ్ది మధ్యము దాఁటువఱకు నిలిచెను. సాహిత్యము మాఱిన చాలకాలమునకుఁ గాని పరీక్ష మాఱదు.

ఇఁక నైజాము వైపునకు వత్తము. మేళ్లచెఱువున నిలిచి చూచువానికిఁ బై వాదమంతయు నేటి కావలి తిరునాళ్ల సందడివంటిది. గ్రాంథికమా వ్యావహారికమా యను ప్రశ్న యిచ్చటి బాలునకుఁ గలుగవలె నన్నను, ముందు పరీక్ష తెలుఁగున నుండవలయును గదా!

నైజాము రాజ్యమున 19వ శతాబ్ది చివఱి భాగమున ఫారసీ స్థానమున ఉర్దూ రాజభాష యయ్యెను. బడులను దహతానియా, వస్తానియా, ఫౌఖానియా యని మూఁడంతస్తులుగాఁ జేసిరి. తహతానియా తొలి జమాతులలోఁ దెలుఁగు చెప్పుట కొంత గలదు గాని, పైకిఁ బోవుకొలఁది ఉర్దూయే బోధనకును, ఇంతెహానునకును భాష. 1918 లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపితమయ్యెను. 1919 ఆగస్టున కళాశాల తెఱవఁబడెను. అంతకుముందే 1917 లో భాషాంతరీకరణ కార్యాలయము నేర్పఱచి, భౌతిక రసాయన గణితశాస్త్రములను ఉర్దూలోనికి మార్చి, అరబ్బీ ఫారసీ మూలములనుండి పారిభాషిక పదములను గల్పించిరి. న్యాయముగాఁ జెప్పవలెనన్న, ఇంగ్లీషు దక్కఁ దక్కిన భాషలు శాస్త్రమునకుఁ బనికిరావను నపవాదము నీ విశ్వవిద్యాలయము పోఁగొట్టెను. దేశభాషలో నున్నతవిద్యను గఱపఁగలమని తొలుతఁ జూపినది యిదియే. దేశమంతటఁ బెద్దలు దానిని గొనియాడిరి. మనము నా ప్రశంసను దాఁచరాదు.

కాని రాజ్యమునఁ బ్రజలలో సగమునకు దగ్గఱగాఁ దెలుఁగువారు. మఱియు మరాఠీలును, కన్నడిగులును గలరు. ఉర్దూ మాతృభాషగాఁ గలవారు పదింట నొకవంతు కించిదధికము. ఆ పదవవంతువారి భాష తక్కిన తొమ్మిది వంతులకుఁ గొలఁబద్ద యయ్యెను. ఇంగ్లీషునకు బదులు దేశభాష యను నీతి యుర్దూవఱకు వచ్చి యాఁగిపోయెను. దీనికిఁ దోడు, హైదరాబాదు నగరమునందే యున్న నిజాం కళాశాల చెన్నపురి విశ్వవిద్యాలయమునకుఁ జేరినదై, ఇంగ్లీషుననే చదివించి 1947 వఱకు నచ్చటి పరీక్షలకే పంపుచుండెను. కలవాని బిడ్డ కా త్రోవ యుండెను. నల్లగొండ పల్లెలోని పట్వారీ బిడ్డకైన నది దూరమే. రైతుబిడ్డ మాట చెప్పనక్కఱలేదు. సొంతముగా బడి పెట్టుకొందమన్నచో ఖానగీ బడుల నిబంధనలు వచ్చి, సర్కారు మంజూరు లేక బడి నడపరాదని కట్టడి చేసెను.

1921 నవంబరున హైదరాబాదులో జరిగిన సంఘసంస్కార సభకుఁ బూనానుండి ధోండో కేశవ కర్వే మహాశయు లధ్యక్షులుగా వచ్చిరి. ఆ సభలో నాలంపల్లి వేంకటరామారావుగారు తెలుఁగున మాటాడ లేవఁగాఁ గొందఱు గేలిచేసి కూర్చుండఁబెట్టిరి. ఆ రాత్రియే కొందఱు తెలుఁగువారు కూడి యాంధ్రజనసంఘమునకుఁ బునాది వేసిరి. ఇది ప్రసిద్ధమైన కథ. కాని యిందుఁ బరీక్షలకు సంబంధించిన యుత్తరభాగ మొకటి కలదు. 1928 లో మాడపాటి హనుమంతరావు పంతులుగారు నారాయణగూడలోఁ దెలుఁగే బోధనభాషగా బాలికలకొక పాఠశాల నెలకొల్పిరి. తెలుఁగున బోధించు బడి గనుక ఉస్మానియావారి గుర్తింపు రాలేదు. పరీక్ష లేని చదువు నెవరు చదువుదురు? అప్పుడా బాలికలకుఁ బరీక్ష దొరకినది పూనాలో. 1916 లో స్థాపించిన తమ మహిళా విశ్వవిద్యాలయమునఁ గర్వేగారు మాతృభాషయే బోధనభాషయని నియమముగాఁ బెట్టుకొనిరి. ఏ సభలోఁ దెలుఁగునకు నవమానము జరిగెనో యా సభ కధ్యక్షులైనవారి విశ్వవిద్యాలయమే హైదరాబాదు తెలుఁగు బాలికలకుఁ దెలుఁగున పరీక్ష పెట్టెను. తన రాజధానిలో దొరకని పరీక్ష మహారాష్ట్రదేశమునుండి తెచ్చుకొనవలసి వచ్చెను. 1938 లో వందేమాతర గీతము పాడినందుకు ఉస్మానియానుండి వెడలఁగొట్టఁబడిన విద్యార్థులకును నాగపురము విశ్వవిద్యాలయమే శరణమయ్యెను. రాజ్యమునకు వెలుపలనున్న పరీక్ష యీ విధముగా రెండుమార్లు లోపలివారికి రక్షకమైనది.

1930 లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను, 1931 లో మన నల్లగొండ జిల్లా దేవరకొండయందు బూర్గుల రామకృష్ణారావుగారి యధ్యక్షతను జరిగిన యాంధ్రమహాసభలందు మాతృభాషలో విద్య యొక ముఖ్యమైన కోరిక. తెలంగాణమునఁ గవులు లేరన్న యొక మాటకు బదులుగాఁ బ్రతాపరెడ్డిగారు 1934 లో మూఁడువందల యేఁబదినలుగురు కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. సర్కారు పరీక్ష పెట్టకున్న నేమి, తామే యొక పరీక్షను వ్రాసి చూపి రన్నట్లున్నది.

అంతకన్న నాకు విశేషముగాఁ దోఁచునది 1943 మే నెలలో హైదరాబాదున వెలసిన యాంధ్రసారస్వత పరిషత్తువారి పని. వారు ప్రాథమిక, ప్రవేశ, విశారద యను పరీక్షలు తెలుఁగున నేర్పఱిచి పల్లెపల్లెకుఁ గేంద్రములు పెట్టిరి. ఈ పరీక్షలకు మొదట సర్కారు కొలువు లేదు, జీతము లేదు, శిక్ష లేదు. అయినను ఉర్దూ బడిలోఁ జదివి, తన తెలుఁగు నిలఁ బెట్టుకొనఁ దలఁచిన యువకుఁడు సాయంకాలము దీపము ముందు గూర్చుండి ప్రవేశ పరీక్షకుఁ జదివెను. స్త్రీలు వ్రాసిరి, బడిమానినవారు వ్రాసిరి. ఒక్కచోఁ గూర్చుండి యొకే ప్రశ్నపత్రము వ్రాసి, ముద్రవేసిన యోగ్యతాపత్రము నింటి గోడకుఁ దగిలించుకొనుటలో నాఁటి తెలంగాణము తాను దెలుఁగుజాతి యని తెలిసికొనెను. పరీక్షను నిందించుట నేఁడు వాడుక, నేనును నిందించినవాఁడనే. కాని యీ పరీక్షల విషయమున నా కలము వెనుకాడును. ఒకే పరికర మొకచోఁ బలుపు, వేఱొకచోఁ జేయూఁత. భేదము ప్రశ్నలలో లేదు. వ్రాయువారే పరీక్షను గోరి తెచ్చుకొనిరి, అంతియ.

1948 సెప్టెంబరు పిమ్మట ఉర్దూ బోధనభాషగాఁ దొలఁగెను. బడులలోనికిఁ దెలుఁగు వచ్చెను; ఉస్మానియాలోనికి మాత్ర మింగ్లీషు వచ్చెను. 1956 లో రెండు రాజ్యముల తెలుఁగువా రొక్కటియైరి. క్రమముగా నాంధ్రప్రదేశమంతటికిఁ బదవ తరగతి పరీక్ష యొక్కటి యయ్యెను. మేళ్లచెఱువు బాలుఁడును, జగ్గయ్యపేట బాలుఁడును గడకొకే ప్రశ్నపత్రము ముందు గూర్చుండిరి. మా తాతల కాలపు భేదము తీఱెనని సంతసింపవలసినదే. వ్యాసములు వ్యావహారికమున వ్రాయుటయు నాఁటికి నియమమై పోయెను. గిడుగువారు గెలిచిరి.

ఎవరి వ్యవహార మన్న రామయ్యపంతులుగారి ప్రశ్న యప్పుడు లేచి నిలిచెను. వాచకములు వ్రాసినవారిలోను, పత్రికలు నడపినవారిలోను గృష్ణా గుంటూరు గోదావరి మండలములవారి పలుకుబడి మెండు. వచ్చాడు, చేశాడు, వెళ్లాడు అను రూపములు శిష్టవ్యవహార మయ్యెను. వచ్చిండు, చేసిండు, పోయిండు అను రూపములు మాండలికములు, అనఁగాఁ బరీక్షలోఁ దప్పులు. వ్యాకరణదృష్టితో దీనిని జూతము. రెండింటికిని మూలము వచ్చినాఁడు అను రూపమే. సముద్రతీరమువాఁడు నకారమును లోపింపఁజేసి దీర్ఘమును నిలుపుకొనెను, వచ్చాడు అనెను. మెరకసీమవాఁడు దీర్ఘమును విడిచి యనునాసికమును నిలుపుకొనెను, వచ్చిండు అనెను. ఒకఁడు హల్లును బోఁగొట్టుకొనెను, ఒకఁ డచ్చును గుదించుకొనెను. బాలవ్యాకరణమునం దీ రెండింటికిని ననుశాసనము లేదు. వచ్చాడు సాధువై వచ్చిండు అసాధువగుట కే సూత్రమును లేదు. పరీక్షకుని యూరు దక్క వేఱు కారణము నాకుఁ గనఁబడలేదు. వైయాకరణుఁ డీ సందర్భమున సూతుని పక్షమున నుండవలసినవాఁడు.

2014 జూను 2 వ తేదీని దెలంగాణ రాష్ట్ర మేర్పడిన తరువాత వాచకములు మఱల వ్రాయఁబడెను. తెలంగాణ కవులును, పలుకులును వానిలోఁ జోటు చేసికొనెను. 2018 లో బడులన్నింటఁ దెలుఁగు విధిగాఁ జెప్పవలె నని శాసనమును వచ్చెను. అదే కాలమున నింగ్లీషు మాధ్యమపు బడులు పల్లెలకుఁ గూడ వచ్చుచుండుటచేఁ దెలుఁగు పరీక్ష యనేకుల కొక్క పత్రమై నిలిచినది; తక్కిన పత్రము లింగ్లీషువి. ఉర్దూనాఁటి స్థితికిని దీనికిని గల సామ్యమును జెప్పఁబోను. ఈ మాఱు బలవంతము లేదు, తల్లిదండ్రులే కోరుచున్నారని యొకరు బదులు చెప్పిన, నా వాదమును ద్రోసివేయుట సులువు గాదు. మున్ను ప్రవేశ పరీక్షను గూడఁ బ్రజలే కోరిరని నేనే వ్రాసితిని గదా.

నా స్వానుభవ మొకటి చెప్పి విరమించెదను. ఇరువదియైదేండ్ల క్రిందట నేను తెలుఁగు పండితుఁడనై పదవ తరగతి జవాబుపత్రములు దిద్దఁ బోయితిని. ఊరి పేరును, కేంద్రము పేరును జెప్పను. మీ యూరి జాతరను వర్ణింపు మన్న ప్రశ్నకుఁ బిల్లవాఁ డొకఁడు శివరాత్రినాఁటి యెడ్ల పందెమును రెండు పుటలు వ్రాసెను. కాడి బిగిసిన చప్పుడును, బండ కదలిన క్షణమున నుసిరిగొట్టినట్లు లేచిన జనమును, ఓడిన యెడ్లకు నీళ్లు పెట్టుచు వాని తండ్రి మాటాడక యుండుటయు నందుఁ గలవు. నే నాయేఁడు దిద్దిన పత్రములలో నట్టిది వేఱొకటి లేదు. కాని యెద్దు ఉరికింది, అయ్య ఊకున్నడు, మా కాక బండ ఎక్కిండు అని యిదే తీరున రెండు పుటలును సాగెను. నేను పూర్ణమునకుఁ గొంచెము తక్కువగా మార్కులు వేసితిని. పై యధికారి పత్రమును మఱల నాకే పంపి, సూచనపత్రములో భాషాదోషములకుఁ దగ్గింపుమని యున్నది చూడలేదా యని యడిగెను. చూచితి నంటిని. అట్లయినఁ దగ్గింపుమనెను. నా కప్పుడు మహాభాష్యమును వచ్చును, సూతుని కథయును వచ్చును. ఎఱ్ఱసిరా కలముతో ఎక్కిండు క్రింద గీఁత గీసితిని, ఊకున్నడు క్రింద గీఁత గీసితిని. మొత్తము పదునాలుగు గీఁతలైనవి. పాత సంఖ్యను గొట్టివేసి క్రొత్త సంఖ్య వేసి, ప్రక్కన సంతకము చేసితిని.